జుట్టు నెరిస్తే కొలువు పోవాలా? షోరూం యాజమాన్యాలకు, అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోని బట్టల, నగల షోరూముల యాజమాన్యాలకు,
కార్మిక శాఖ అధికారులకు,
ఔషధ నియంత్రణ శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను పదకొండేళ్లు ఒక షోరూంలో పట్టుచీరల సెక్షన్లో పనిచేశాను. నా వయసు 38. నా జుట్టు ముప్పాతిక వంతు తెల్లబడింది. ఆ కారణంగానే నా ఉద్యోగం పోయింది. ముందు మా మేనేజరుగారికి కాగితం పెట్టుకున్నాను, తరవాత యాజమాన్యానికి రాశాను, ఆ తరవాత కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చాను. రెండు సోమవారాలు గ్రీవెన్స్ వరసలో నిలబడ్డాను. ఎనిమిది నెలలు గడిచాయి. నా దగ్గర మిగిలినవి రెండు రసీదులు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. షోరూం పేరు, ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఆ ఒక్క షాపు మారితే తీరిపోయే సంగతి కాదిది.

జరిగింది ముందు చెబుతాను.

నాకు ఇరవై రెండో ఏటే తల నెరవడం మొదలైంది. మా నాన్నకీ అంతే, మా మేనత్తకీ అంతే. దీన్ని మన ఇళ్లలో బాలనెరుపు అంటారు. మన దేశంలో పాతికేళ్లలోపు నెరిస్తే డాక్టర్లు కూడా వయసుకి ముందే వచ్చిన నెరుపు కిందే లెక్కేస్తారు. పెళ్లిచూపులకి ముందు రోజు మా అమ్మ పెరట్లో కూర్చోబెట్టి మొదటిసారి రంగు వేసింది. అప్పటినుంచి మానలేదు. ఉద్యోగంలో చేరాక మానే వీలు లేకుండా పోయింది.

షోరూంలో ఎలా ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. షట్టరు ఎత్తకముందే, పొద్దున తొమ్మిదిన్నరకి, మమ్మల్ని వరసలో నిలబెడతారు. యూనిఫాం చీర కుచ్చిళ్లు, గోళ్లు, బొట్టు, వలలో బిగించిన ముడి చూసుకుంటూ వస్తారు. నా దగ్గరికి వచ్చేసరికి ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ ఒక్క క్షణం ఆగి నా పాపిట చూసేవారు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే రంగు వేసిన పదిహేనో రోజుకి పాపిటకి అటూ ఇటూ అర సెంటీమీటరు మేర తెల్లటి గీత తేలుతుంది. షోరూం లైట్ల కింద అది దాగదు. "శనివారం లోపు చూసుకోమ్మా" అనేవారు. శని, ఆదివారాలు రద్దీ కదా. అందుకని పదిహేను రోజులకొకసారి శుక్రవారం రాత్రి నాకు రంగు రాత్రి. వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక, బాత్రూం అద్దం ముందు పాత చీరముక్క భుజాల మీద వేసుకుని బ్రష్ పట్టుకునేదాన్ని. పదకొండేళ్లు అలా గడిచాయి.

నిరుడు శ్రావణమాసానికి ముందు ఒక శుక్రవారం ఎప్పటిలాగే వేసుకున్నాను. అదే కంపెనీ, అదే ప్యాకెట్టు. శనివారం మధ్యాహ్నం నుంచి తల దురద. ఆదివారం పొద్దున కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. చెవుల వెనక, మెడ మీద నీరు కారే పొక్కులు. జుట్టు దిండు గలీబుకి అతుక్కుపోయింది. పదో తరగతి చదివే మా అమ్మాయి గోరువెచ్చని నీళ్లతో తడిపి తడిపి, ఒక్కో పాయా విడదీసింది. నాకు ఏమీ కనిపించడం లేదు, దాని చేతులు వణకడం మాత్రం తెలుస్తోంది.

వాపు, పొక్కులు పూర్తిగా తగ్గాక చర్మం డాక్టరమ్మ వీపుకి చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులుంచి తీశారు. ఒక్క గడి దగ్గర మాత్రం ఎర్రగా పొంగింది. దాని పేరు పారాఫినైలిన్‌డయమిన్, పొట్టిగా పి.పి.డి. నల్లగా, నిలిచి ఉండే తలరంగుల్లో చాలావాటికి ఆధారం అదే. అమెరికాలో చర్మ ఎలర్జీలు చూసే వైద్యుల సంఘం 2006లో "ఈ ఏటి ఎలర్జీ కారకం" అని దీన్నే ప్రకటించింది. "ఇన్నేళ్లూ పడింది కదమ్మా?" అని అడిగాను. "ఎన్నేళ్లు పడినా ఒకరోజు పడకపోవచ్చు. ఒకసారి ఒంటికి గిట్టలేదంటే ఇక జీవితాంతం గిట్టదు, మళ్లీ వేస్తే ఇంతకంటే ఎక్కువ రావచ్చు" అన్నారు. అమోనియా లేదని రాసిన రంగుల్లోనూ ఇది ఉండొచ్చనీ, నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడుల్లో కూడా కలుపుతారనీ చెప్పారు. కొన్ని గుడ్డల అద్దకపు రంగులు కూడా ఇలాంటివాళ్లకి గిట్టకపోవచ్చట. రోజంతా గుడ్డల మధ్య బతికే నాకు ఆ మాట వింటే గుండె జారింది.

సర్టిఫికెట్టు తీసుకుని, నెరిసిన తలతో పనిలోకి వెళ్లాను. మేనేజరుగారు కోప్పడలేదు. మెల్లగానే చెప్పారు. "ఒంట్లో బాగోలేనట్టు కనిపిస్తున్నావమ్మా. పెళ్లిచీరల కోసం వచ్చేవాళ్లు శుభమా అని వస్తారు, కాస్త కళగా ఉన్నవాళ్లు ఎదురుగా ఉండాలి కదా." మర్నాటినుంచి నన్ను గోడౌన్లో పెట్టారు. బస్తాలు విప్పడం, ట్యాగులు వేయడం. నా జీతం 14,500. దాని మీద అమ్మకాలకి వచ్చే ఇన్సెంటివ్ మంచి నెలలో మూడు నాలుగు వేలు ఉండేది. గోడౌన్లో అది లేదు. దాంతోనే మా అమ్మాయి ట్యూషన్ ఫీజు కట్టేదాన్ని. అంతకుముందు సీజన్లో మా సెక్షన్లో ఎక్కువ బిల్లులు నావే. ఆ పుస్తకం వాళ్ల దగ్గరే ఉంది, తీసి చూసుకోవచ్చు. రెండు నెలల తరవాత గోడౌన్లోనూ మనుషులు ఎక్కువయ్యారన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. నోటి మాటే.

యాజమాన్యాలవారికి ఒక విషయం ఒప్పుకుని చెబుతున్నాను. మనిషిని చూడగానే మన కళ్లు తల మీదికే వెళతాయి. నేనూ అంతే చేశాను. మెట్లెక్కి వస్తున్నావిడ పాపిట చూసి ఏ చీరలు తియ్యాలో అనుకునేదాన్ని. నెరిసిన తలైతే లేత రంగులు, సన్నంచు మంగళగిరులు. నల్లటి జడైతే కంచిపట్టు, ధర్మవరం, ముదురు రంగులు. ఒకరోజు తల దాదాపు అంతా తెల్లబడ్డావిడ వచ్చింది. వెంట తల్లి, పిన్ని. నేను ఆవిడ ముందు బూడిదరంగువీ, గోధుమరంగువీ పరుస్తూ పోయాను. చాలాసేపు ఊరుకుని, "నిశ్చితార్థం నాదేనండీ, ఎరుపు చూపించండి" అంది నెమ్మదిగా. ఆవిడ వయసు 31. నా రంగు కింద ఉన్న తెలుపే ఆవిడ తలలోనూ ఉంది. అన్ని ఏళ్లు దాన్ని మోసిన నేనే పోల్చుకోలేకపోయాను. ఆ రోజు నుంచి, తల చూసి మనిషి గురించి మనం కట్టే లెక్క ఎంత తప్పో నాకు గట్టిగా తెలుసు.

ఆ లెక్క ఎందుకు తప్పో డాక్టరమ్మ దగ్గర అడిగి తెలుసుకున్నదీ, తరవాత చదివి తెలుసుకున్నదీ క్లుప్తంగా చెబుతాను. వెంట్రుక కుదురులో రంగు తయారుచేసే కణాలుంటాయి. అవి చేసే మెలనిన్ వల్లే జుట్టు నలుపు. ఆ కణాలని అందించే మూలకణాలు తరిగిపోయాయంటే వెంట్రుక తెల్లగా వస్తుంది. ఎప్పుడు తరుగుతాయన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. నెరుపుతో సంబంధమున్న ఒక జన్యువుని 2016లో గుర్తించారు. తీవ్రమైన ఒత్తిడిలో నరాలు విడుదల చేసే రసాయనం ఈ మూలకణాలని ముందే ఖర్చు చేసేస్తుందని 2020లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. బి12 లోపం, థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లకీ త్వరగా నెరవచ్చు. చీర మడతపెట్టే చేతికీ, రేట్లు గుర్తుపెట్టుకునే బుర్రకీ ఆ కుదురుతో పనిలేదు.

మన భాషలో తలపండినవాడంటే అనుభవం ఉన్నవాడని. వకీలుకో, వైద్యుడికో, రాజకీయ నాయకుడికో ఆ మాట గౌరవం. కౌంటరు వెనక నిలబడే ఆడమనిషికి మాత్రం అదే తల నేరమైపోతోంది. ఆడదాని తలని చూసి ఆవిడ శుభమా అశుభమా తేల్చడం ఈ నేలకి కొత్త కాదు. వితంతువుల తలలు గొరిగించిన కాలం మన ముత్తవ్వలది. ఆ కాలాన్ని ఎదిరించి కందుకూరి వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ ఆచారం పోయింది. "శుభమా అని వస్తారు" అన్న మాట మాత్రం నేను నిరుడు నా చెవులతో విన్నాను.

ఈ చూపు వల్ల మామూలు మనుషులకి ఏమవుతోందో, నేను దగ్గరగా చూసినవి మాత్రమే రాస్తున్నాను.

1. వయసు పేరు మీద జీతం పోతోంది. షోరూములు, హోటళ్ల రిసెప్షన్లు, ప్రైవేటు ఆస్పత్రుల కౌంటర్లు, ప్రైవేటు స్కూళ్లు: మనిషి ఎదురుగా నిలబడే ఉద్యోగాలన్నిట్లో ఆడవాళ్లు ముప్పైల్లోనే రంగుకి కట్టుబడుతున్నారు. ఇది చిన్న సంస్థల్లోనే కాదు. నెరిసిన జుట్టుకి రంగు తప్పనిసరి అంటూ ఒక పెద్ద విమానయాన సంస్థ సిబ్బందికి పెట్టిన నియమాలు 2022లో వార్తల్లోకి వచ్చాయి. ఆ ఏడాదే కెనడాలో లీసా లాఫ్లామ్ అనే పేరున్న న్యూస్ యాంకర్, ఒకే చానల్లో 35 ఏళ్లు పనిచేసినావిడ, 58వ ఏట ఉద్యోగం పోగొట్టుకున్నారు. కరోనా రోజుల్లో ఆవిడ రంగు వేసుకోవడం మానేశారు. తొలగింపుకీ జుట్టుకీ సంబంధం లేదని సంస్థ చెప్పింది. అక్కడి జనం నమ్మలేదు, పెద్ద చర్చే జరిగింది. అంత పేరున్నావిడ కాబట్టి చర్చ జరిగింది. గోడౌన్లోకి పంపిన సేల్స్ మనిషి గురించి ఎవరు మాట్లాడతారు?

2. ఆరోగ్యం గురించిన తప్పుడు అనుమానం మనుషుల్ని వెలేస్తోంది. మా సెక్షన్లో ఒక పిల్లకి, నన్ను అక్కా అక్కా అని తిరిగేది, తలలో రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది. పేనుకొరుకుడు. మన ఒంట్లో రక్షణ కణాలే వెంట్రుక కుదుళ్ల మీద పడటం వల్ల వచ్చేది. ఏ పేనూ కొరకదు, ఒకరినుంచి ఒకరికి అంటదు. చాలామందికి తిరిగి మొలుస్తుంది. అయినా వారం తిరక్కుండా ఆ పిల్ల పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లు లేరు. దువ్వెన విడిగా పెట్టుకోమన్నారు. సూపర్‌వైజరు కూడా "ముందు ఆ జబ్బు తగ్గించుకుని రా" అన్నారు. ఆ పిల్ల సవరం పిన్నులతో బిగించుకుని, ఉడుకు తలతో పన్నెండు గంటలు నిలబడేది. సాయంత్రం టాయిలెట్లో సవరం తీసి ఫ్యాను లేని చోట తల ఆరబెట్టుకోవడం నేను చూశాను.

మా పిన్ని కూతురు ప్రైవేటు స్కూల్లో టీచరు. రొమ్ము క్యాన్సరుకి కీమో మొదలైన మూడో వారానికి జుట్టు రాలిపోయింది. స్కూలుకి స్కార్ఫ్ కట్టుకు వెళ్లి, తిరుమల మొక్కు అని చెప్పింది. కల్యాణకట్టలో గుండు చేయించుకొచ్చామంటే మనవాళ్లు చేతులు జోడిస్తారు. అందుకని ఆ అబద్ధం. ఎవరో ఆస్పత్రిలో చూసి చెప్పారు. తరవాతి నెలలో ఆవిడకి క్లాస్ టీచర్ బాధ్యత తీసేశారు, పిల్లలు భయపడతారని తల్లిదండ్రులు అంటున్నారంటూ. మందు ఆపిన కొన్ని నెలల్లో జుట్టు మళ్లీ వచ్చింది. క్లాసు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

3. నిజంగా అనారోగ్యం ఉన్నప్పుడు పరీక్ష బదులు నూనె దొరుకుతోంది. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. డెంగ్యూ, టైఫాయిడ్, కాన్పు తరవాత రెండు మూడు నెలలకి గుప్పెళ్లకొద్దీ రాలి, సాధారణంగా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. రక్తం తక్కువైనా జుట్టు రాలుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. రోజంతా నిలబడి, మధ్యాహ్నం అన్నం మూడింటికి తినే మా సేల్స్ పిల్లలకి జుట్టు రాలితే చెయ్యాల్సింది హిమోగ్లోబిన్ పరీక్ష. వాళ్లు కొనేది ఫోన్లో ప్రకటన చూసి సీసా ఆరువందల నూనె. బట్టతల నయం చేస్తామని, జుట్టు రంగు మారుస్తామని, కొత్త జుట్టు మొలిపిస్తామని ఏ మందుకీ చెప్పుకోకూడదని డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అనే జాబితా ఉంది. మందు అనకుండా నూనె అంటే సరిపోతుందన్నట్టు ప్రకటనలు సాగుతున్నాయి.

4. మగవాళ్లకి ఈ బాధ లేదనుకోకండి. మా సూటింగ్స్ సెక్షన్లో ఒక అబ్బాయికి 29కే బట్టతల. మూడు సంబంధాలు చూసుకోవడం వరకూ వచ్చి ఆగిపోయాయి. "అబ్బాయి వయసు దాచారు" అన్నారట ఒకరు. అప్పుచేసి జుట్టు నాటించుకున్నాడు. ఆ అప్పు ఇంకా కడుతూనే ఉన్నాడు.

5. చర్మం, డబ్బు. నాలాంటివాళ్లు రంగుకి పెట్టే ఖర్చు ఎవరూ లెక్కలో వెయ్యరు. యూనిఫాం చీర ఇస్తారు, బూట్లు ఇస్తారు. తప్పనిసరి అన్న రంగు మాత్రం మేమే కొనుక్కోవాలి. ఒళ్లు పాడైతే ఆస్పత్రీ మేమే. నాకు డాక్టరు, మందులు, పట్టీల పరీక్ష కలిపి తొమ్మిది వేలు దాటింది. జీతం కోత వేరే. ఇక బ్యూటీపార్లర్లలో గ్లవ్స్ లేకుండా రోజూ పదిమంది తలలకి రంగు కలిపే ఆడపిల్లల వేళ్లు చూడండి. పగిలి, ఎర్రగా ఉంటాయి. ఈ పి.పి.డి. వల్ల చేతుల చర్మం పోవడం ఆ పనిలో కొత్త విషయం కాదు.

"కస్టమరు కోరుకుంటాడు కదమ్మా, మేమేం చేస్తాం?" అని యాజమాన్యాలు అంటాయని తెలుసు. ఆ మాటలో కొంత నిజముంది. రంగు మానేశాక గోడౌన్లోకి వెళ్లేముందు నేను కౌంటర్లో ఒక్క పూట ఉన్నాను. ఒకావిడ నన్ను "మామ్మగారూ, మీరు కూర్చోండి, ఎవరన్నా చిన్నపిల్లని పిలవండి" అంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదే. మనసు చివుక్కుమంది. కానీ ఆ పూటే ఇంకో కుటుంబం నా ముందు మూడు గంటలు కూర్చుని ఏడు చీరలు తీసుకెళ్లింది. పెళ్లికూతురి నాయనమ్మ లేచి వెళ్తూ, "నువ్వు కంగారు పెట్టకుండా చూపించావమ్మా" అంది. ఆ బిల్లు కూడా మీ కంప్యూటర్లో ఉంటుంది. అయినా కస్టమరు ఇష్టం అంటే దేనికైనా ఆగాలి కదా. ఫలానా కులం వాళ్లు చీర చూపించొద్దు అని కస్టమరు అంటే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు, చట్టమూ ఒప్పుకోదు. మా ఒంటికి గిట్టని రసాయనం దగ్గర కూడా అలా ఆగమంటున్నాను.

చట్టంలో దారి లేదని కార్మిక శాఖ వారు అనుకోనక్కర్లేదు. రాజ్యాంగం చెప్పిన వివక్షల జాబితాలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి, రూపం లేదు. నిజమే. కానీ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ ఆ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసెయ్యకూడదని అందులో ఉంది. నెరిసిన జుట్టు సరైన కారణమా కాదా అన్నది మీరు తేల్చి చెప్పవలసిన ప్రశ్న. నా అర్జీలో అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. షాపుల్లో పనిచేసేవాళ్ల గౌరవం చట్టంలోకి ఎక్కదనీ అనకండి. పొద్దస్తమానం నిలబడి కాళ్లు వాచిన బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి అడిగితే కేరళ 2018లో కూర్చునే హక్కు ఇచ్చింది. తమిళనాడు 2021లో ఇచ్చింది. ఫ్రాన్సులో జుట్టు రంగు, పొడవు, తీరు చూసి ఉద్యోగుల మీద వివక్ష చూపకూడదన్న బిల్లుని 2024 మార్చిలో అక్కడి దిగువ సభ ఆమోదించింది. అడిగితే ఆలోచించే ప్రభుత్వాలు ఉన్నాయి.

ఔషధ నియంత్రణ శాఖ వారికి ప్రత్యేకంగా ఒక మాట. కొత్త నియమం అడగడం లేదు, ఉన్నదాన్ని అమలు చెయ్యమంటున్నాను. పి.పి.డి. ఉన్న తలరంగు మీద హెచ్చరిక లోపలి లేబుల్ మీదా, బయటి లేబుల్ మీదా ఉండాలి. ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ ఉండాలి. చెవి వెనకో, ముంజేతి లోపలి వైపో కొంచెం రాసి ఇరవై నాలుగు గంటలు ఆగి చూడమని, అది కూడా వేసుకునే ప్రతిసారీ చూడమని ప్యాకెట్లో సూచన ఉండాలి. కనుబొమలకీ, రెప్పలకీ వేస్తే చూపు పోవచ్చని ఉండాలి. ఇది పాత డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో 149వ నిబంధనగా ఎన్నో ఏళ్లు ఉన్నదే. ఇప్పుడు 2020 కాస్మెటిక్స్ రూల్స్‌లో ఉంది. నా ముఖం వాచాక ఆ ఖాళీ ప్యాకెట్టు తీసి మా అమ్మాయి చేత చదివించాను. ఆవగింజలంత అక్షరాలు, ఇంగ్లీషులో. తెలుగు ముక్క లేదు. పదకొండేళ్లలో ఒక్కసారైనా నేను పరీక్ష చేసుకోలేదు. అలాంటిది ఒకటి ఉందని నాకు తెలియనే తెలియదు.

మా డిమాండ్లు ఇవి.

యాజమాన్యాలకు:

1. నియామక పత్రంలో గానీ, గ్రూమింగ్ నియమాల్లో గానీ, పొద్దున వరసలో నోటి మాటగా గానీ, జుట్టుకి రంగు తప్పనిసరి అనడం ఆపండి. శుభ్రంగా దువ్వి, ముడి పెట్టుకోమనండి. అది న్యాయమే, మేమూ కాదనం.

2. జుట్టు నెరిసిందనో, రాలిందనో కౌంటరు నుంచి తప్పించినవాళ్లని తిరిగి అదే సెక్షన్లో పెట్టండి. పోయిన ఇన్సెంటివ్ లెక్కగట్టి ఇవ్వండి.

3. కీమోలో ఉన్నవాళ్లు, పేనుకొరుకుడు ఉన్నవాళ్లు స్కార్ఫ్ కట్టుకున్నా, కట్టుకోకపోయినా కారణం అడగొద్దు.

కార్మిక శాఖకు:

4. వ్యక్తి రూపం, జుట్టు రంగు, జుట్టు లేకపోవడం తొలగింపుకి సరైన కారణం కాదని రెండు రాష్ట్రాల్లోనూ సర్క్యులర్ ఇవ్వండి. తనిఖీకి వెళ్లినప్పుడు జీతాల రిజిస్టరుతో పాటు గ్రూమింగ్ నియమాల కాగితం కూడా అడిగి చూడండి. కాగితం లేదంటే సేల్స్ పిల్లల్ని విడిగా, మేనేజరు లేనప్పుడు అడగండి.

5. మా అర్జీలకి గడువు పెట్టండి. తిరస్కరించినా సరే, ఎందుకో రాతలో ఇవ్వండి.

ఔషధ నియంత్రణ శాఖకు:

6. కిరాణా కొట్లో వేలాడే చిన్న ప్యాకెట్ల దగ్గరినుంచి మొదలుపెట్టి, తెలుగులో హెచ్చరిక లేని తలరంగుల మీద చర్య తీసుకోండి. నల్ల హెన్నా పొడుల్లో ఏం కలుపుతున్నారో పరీక్ష చేయించి ఫలితాలు బయట పెట్టండి.

7. బ్యూటీపార్లర్లలో ఇరవై నాలుగు గంటల పరీక్ష గురించి తెలుగు బోర్డు పెట్టించండి. పార్లర్ పిల్లలకి గ్లవ్స్ ఇస్తున్నారో లేదో చూడండి.

8. జుట్టు మొలిపిస్తామనే, తెల్లజుట్టు నల్లగా మారుస్తామనే ప్రకటనల మీద ఫిర్యాదు తీసుకునే ఫోన్ నంబరు జిల్లాకి ఒకటి చొప్పున ప్రకటించండి.

తోటి ఆడవాళ్లకి ఒక్క మాట. రంగు వేసుకోవడం తప్పని నేను అనడం లేదు. మా అక్క వేసుకుంటుంది, ఆవిడకి ఇష్టం. పడేవాళ్లు పరీక్ష చేసుకుని వేసుకోండి. దురద వచ్చిందంటే మళ్లీ వెయ్యకండి, ఎవరెంత చెప్పినా సరే. మీ షాపులో కూడా ఇలాగే జరుగుతుంటే తేదీ, టైము, అన్న మాట ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. నేను అది చెయ్యకపోవడం వల్లే నా అర్జీలో సగం తేదీలు ఖాళీగా ఉన్నాయి.

నేను ఇప్పుడు ఇంటిదగ్గర ఫాల్స్, పీకో కుడుతున్నాను. వచ్చే నెల మొదటి సోమవారం మళ్లీ గ్రీవెన్స్‌కి వస్తున్నాను. ఈసారి నాతో మరో ఆరుగురు వస్తున్నారు. అందులో ఇద్దరు ఇంకా షోరూముల్లో పనిచేస్తున్నారు కాబట్టి తలకి రంగుతోనే వస్తారు, పేర్లు చెప్పరు. పాత రసీదులు రెండూ తెస్తాను. వాటి మీద ఉన్న నంబర్లకి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
పట్టుచీరల సెక్షన్లో పదకొండేళ్లు పనిచేసిన ఒక సేల్స్ ఉద్యోగి